పశువైద్య వృత్తి పాలనలో పశుపోషకునికి చోటెక్కడ?

వృత్తి సంస్థల ఆధునికీకరణ అనగానే మనకు వెంటనే స్ఫురించేవి కొన్ని ఉన్నాయి. సభ్యత్వ నమోదు కంప్యూటరులోకి ఎక్కాలి, ఎన్నికలు ఆన్‌లైన్‌లో జరగాలి, సర్వసభ్య సమావేశపు నోటీసు తపాలాకు బదులు సెల్‌ఫోనుకు రావాలి. ఇవన్నీ అవసరమే. భారత పశువైద్య మండలి సభ్యుల ఎన్నిక 2024లో ఆన్‌లైన్ విధానంలో జరగడం ఆ దిశలో మంచి అడుగు. అయితే ఓటు వేసే పద్ధతి మారినంత మాత్రాన పాలన మారినట్లు కాదు. నిర్ణయాలు ఎవరి మేలు కోసం జరుగుతున్నాయి, ఆ నిర్ణయాలు చేసే సభలో ఎవరికి చోటుంది, వృత్తిలో తప్పు జరిగినప్పుడు విచారించేది ఎవరు అన్న మూడు ప్రశ్నలకు సమాధానం మారినప్పుడే పాలన ఆధునికమవుతుంది. ఈ మూడు చోట్లా పశుపోషకుడు కనిపించకపోవడమే మన పశువైద్య వృత్తి పాలనలోని ప్రధాన లోపమని ఈ వ్యాసం ప్రతిపాదన.

ఇరవై ఏడు స్థానాల లెక్క

భారత పశువైద్య మండలి 1984 నాటి చట్టం ద్వారా ఏర్పడింది. పశువైద్యుల రిజిస్టరు నిర్వహణ, పశువైద్య విద్యకు కనీస ప్రమాణాల నిర్ణయం, వృత్తి ప్రవర్తనా నియమావళి రూపకల్పన దాని ప్రధాన బాధ్యతలు. ఐదున్నరేళ్ల పట్టభద్ర విద్యలో విద్యార్థి ఏమి చదవాలో, ఎంతకాలం క్షేత్ర శిక్షణ పొందాలో మండలి నిబంధనలే నిర్ణయిస్తాయి. కాబట్టి మండలి కూర్పు కేవలం సంఘ నాయకులకు సంబంధించిన విషయం కాదు. తరగతి గదిలో కూర్చున్న విద్యార్థి నుంచి గొడ్లపాకలో నిలబడ్డ రైతు వరకు అందరికీ సంబంధించినది.

చట్టం ప్రకారం మండలిలో 27 మంది ఉంటారు. రాష్ట్రాల పశుసంవర్ధక శాఖల సంచాలకుల నుంచి ఐదుగురు, పశువైద్య విద్యాసంస్థల అధిపతుల నుంచి నలుగురు, భారత వ్యవసాయ పరిశోధన మండలి పక్షాన ఒకరు, కేంద్ర పశుసంవర్ధక కమిషనరు, కేంద్ర ప్రభుత్వ ప్రతినిధి ఒకరు, భారత పశువైద్య సంఘం పక్షాన ఒకరు, రాష్ట్ర పశువైద్య మండళ్ల అధ్యక్షుల నుంచి ఒకరు, రాష్ట్ర పశువైద్య సంఘాల అధ్యక్షుల నుంచి ఒకరు, నమోదైన పశువైద్యులు ఎన్నుకొనే పదకొండు మంది, వీరికి తోడు మండలి కార్యదర్శి.

ఈ జాబితాలో ప్రభుత్వం ఉంది, విశ్వవిద్యాలయం ఉంది, పరిశోధన ఉంది, వృత్తి సంఘం ఉంది, ఎన్నికైన పశువైద్యుడూ ఉన్నాడు. పాడి రైతుకు గాని, గొర్రెల కాపరికి గాని, కోళ్ల పెంపకందారుకు గాని ప్రత్యేకించిన స్థానం ఒక్కటి కూడా లేదు. పశువైద్యుని పర్యవేక్షణలో ప్రాథమిక సేవలు అందించే సిబ్బందికీ లేదు. ఆహార భద్రత, ప్రజారోగ్యం, వన్యప్రాణి సంరక్షణ రంగాల వారికీ లేదు. 1984లో ఈ కూర్పు సహజంగానే తోచి ఉండవచ్చు. వృత్తి తన గుర్తింపును చట్టబద్ధం చేసుకొంటున్న కాలమది. నాలుగు దశాబ్దాలు గడిచాక కూడా అదే కూర్పు సరిపోతుందా అన్నది ఇప్పుడు వేసుకోవలసిన ప్రశ్న.

మండలి వేరు, సంఘం వేరు

ఈ చర్చలో తరచుగా దొర్లే గందరగోళం ఒకటుంది. మండలికీ సంఘానికీ మధ్య తేడాను మనం మరచిపోతుంటాం. సంఘం సభ్యుల కోసం ఏర్పడింది. జీతభత్యాలు, పదోన్నతులు, ఖాళీల భర్తీ, విధి నిర్వహణలో రక్షణ వంటి అంశాలపై గొంతు విప్పడం దాని ధర్మం. మండలి ప్రజల కోసం ఏర్పడింది. అర్హత లేనివారు వైద్యం చేయకుండా చూడడం, అర్హత ఉన్నవారు నియమం తప్పకుండా చూడడం దాని ధర్మం. మొదటిది వృత్తికి వకీలు వంటిదైతే రెండవది న్యాయమూర్తి వంటిది. ఒకే వ్యక్తులు, ఒకే ఆలోచనతో, రెండు చోట్లా కూర్చుంటే వకీలూ న్యాయమూర్తీ ఒక్కరే అయిన పరిస్థితి ఏర్పడుతుంది.

మన రాష్ట్రాలలో ఈ చిక్కు మరింత జటిలం. నమోదైన పశువైద్యులలో ప్రభుత్వ సేవలో ఉన్నవారి పాత్ర చాలా పెద్దది. వారికి శాఖాపరంగా పై అధికారి సంచాలకుడు. చట్టం అదే సంచాలక హోదాకు వృత్తి మండలిలోనూ స్థానం కల్పించింది. శస్త్రచికిత్స వికటించి గేదెను పోగొట్టుకొన్న రైతు శాఖకు అర్జీ పెట్టుకోవాలా, రాష్ట్ర పశువైద్య మండలిని ఆశ్రయించాలా, వినియోగదారుల కమిషనుకు వెళ్లాలా అన్నది అతనికి చెప్పేవారుండరు. శాఖాపరమైన విచారణ ఉద్యోగి క్రమశిక్షణను చూస్తుంది. మండలి విచారణ వృత్తి ప్రమాణాన్ని చూడాలి. రిజిస్టరు నుంచి పేరు తొలగించే అధికారం రాష్ట్ర మండలికి ఉంది. ఆ అధికారం ఉన్నదని తెలియని రైతుకు అది ఉన్నా లేనట్లే.

బ్రిటన్ నేర్పిన పాఠం

పశువైద్య వృత్తి పాలనను ఇటీవలి కాలంలో లోతుగా సంస్కరించుకొన్న దేశాలలో బ్రిటన్ ఒకటి. అక్కడి రాయల్ కాలేజ్ ఆఫ్ వెటర్నరీ సర్జన్స్ 1844 నాటి రాజశాసనంతో ఏర్పడింది. ప్రస్తుత అధికారాలకు ఆధారం 1966 నాటి పశువైద్యుల చట్టం. సభ్యుల ప్రయోజనాల కోసం పనిచేసే బ్రిటిష్ వెటర్నరీ అసోసియేషన్ దానికి భిన్నమైన సంస్థ. ఆ విభజన అక్కడ స్పష్టంగా ఉంది.

సంస్కరణకు ముందు కాలేజి పాలకమండలిలో 42 మంది ఉండేవారు. ఎన్నికైన పశువైద్యులు 24, ఏడు పశువైద్య కళాశాలల నుంచి ఇద్దరు చొప్పున 14, ప్రీవీ కౌన్సిల్ నియమించే నలుగురు. వృత్తి బయటివారు కొద్దిమంది ఉంటూ వచ్చినా వారికి చట్టం నిర్దిష్టమైన వాటా కేటాయించలేదు. 2018లో వచ్చిన శాసన సంస్కరణ ఉత్తర్వు ఈ సంఖ్యను 24కు కుదించింది. ఎన్నికైన పశువైద్యులు 13, వృత్తికి వెలుపలి సామాన్య సభ్యులు 6, కళాశాలల ప్రతినిధులు 3, పశువైద్య నర్సులు 2. అంటే మండలిలో నాలుగో వంతు పశువైద్యులు గాని నర్సులు గాని కానివారికి దక్కింది. అయినా ఎన్నికైన పశువైద్యులకే ఆధిక్యం మిగిలింది. వృత్తి తన స్వయంపాలనను వదులుకోకుండానే తలుపు తెరిచింది.

అంతకన్నా ముఖ్యమైన మార్పు 2013లోనే జరిగింది. అప్పటిదాకా ఫిర్యాదులను ప్రాథమికంగా పరిశీలించే సంఘంలోనూ, క్రమశిక్షణ సంఘంలోనూ పాలకమండలి సభ్యులే కూర్చునేవారు. నియమాలు రాసినవారే వాటి ఉల్లంఘనపై తీర్పు చెప్పేవారన్నమాట. 2013 ఉత్తర్వు ఈ రెండు సంఘాలలో పాలకమండలి సభ్యులు ఉండరాదని నిర్దేశించి, సామాన్యులకూ చోటు కల్పించింది. ప్రజలకు వృత్తిపై నమ్మకం పెంచే సంస్కరణ ఏదని అడిగితే స్థానాల సంఖ్య తగ్గింపు కన్నా ఈ విభజననే ముందు చెప్పాలి.

అమెరికా చెప్పిన జాగ్రత్త

అమెరికా అనుభవం మరో కోణాన్ని చూపుతుంది. 1863లో ఆరంభమైన అమెరికన్ వెటర్నరీ మెడికల్ అసోసియేషన్ స్వచ్ఛంద వృత్తి సంఘం, నియంత్రణ సంస్థ కాదు. లైసెన్సుల బాధ్యత అక్కడ రాష్ట్రాల బోర్డులది. సంఘంలో రెండు అంతస్తుల పాలన ఉంది. రాష్ట్ర సంఘాల, అనుబంధ సంఘాల ప్రతినిధులతో కూడిన ప్రతినిధుల సభ ఒకటి, కార్యనిర్వాహక మండలి మరొకటి. నిర్ణయాలు నత్తనడకన సాగుతున్నాయని, యువ సభ్యులు దూరమవుతున్నారని గ్రహించి గత దశాబ్దం తొలి సంవత్సరాలలో సంఘం పాలనా సంస్కరణకు పూనుకొంది. ప్రతినిధుల సభను తొలగించి దాని స్థానంలో సభ్యులందరికీ తెరిచిన చర్చావేదిక వంటి కొత్త ఏర్పాట్లు తేవాలన్న ప్రతిపాదన వచ్చింది. సభ అందుకు సమ్మతించలేదు. తమకున్న వేదికను తామే రద్దు చేసుకొమ్మంటే ఎవరు మాత్రం ఒప్పుకొంటారు?

ఆ ప్రయత్నం వృథా పోలేదు. సభ నిలిచింది గాని దాని పనితీరు మారింది. ముఖ్యమైన వృత్తి సమస్యలను ముందుగా ప్రకటించి, ప్రతినిధులు తమ ప్రాంత సభ్యుల అభిప్రాయాలు సేకరించుకొని వచ్చి చర్చించే ప్రత్యేక వేదిక సభా సమావేశాలలో భాగమైంది. కార్యనిర్వాహక మండలి పేరు మార్చుకొని డైరెక్టర్ల మండలి అయింది. ఇందులో మనకు రెండు సూచనలున్నాయి. ఉన్న వ్యవస్థను ఒక్క దెబ్బతో తీసివేయాలనుకొంటే సంస్కరణ ఆగిపోతుంది. ఉన్న వ్యవస్థకే కొత్త బాధ్యత అప్పగిస్తే అది నెమ్మదిగానైనా కదులుతుంది.

ఇంటి దగ్గరి హెచ్చరిక

వృత్తి తనను తాను సంస్కరించుకోకపోతే ఏమవుతుందో చూడడానికి దూరదేశాలు వెళ్లనక్కరలేదు. భారత వైద్య మండలిని 2010లో కేంద్ర ప్రభుత్వం రద్దు చేసి, దాని అధికారాలను నియమిత బోర్డుకు అప్పగించింది. నియంత్రణకు లోబడవలసినవారే నియంత్రించేవారిని ఎన్నుకోవడాన్ని 2016లో పార్లమెంటరీ స్థాయీ సంఘం లోపంగా ఎత్తిచూపింది. 2019లో జాతీయ వైద్య కమిషన్ చట్టం వచ్చింది. 2020 సెప్టెంబరులో పాత మండలి స్థానాన్ని కమిషన్ ఆక్రమించింది. ఎన్నికల ప్రాతిపదిక పోయి నియామకాల ప్రాతిపదిక వచ్చింది. దంతవైద్యానికి, నర్సింగుకు 2023లో కొత్త కమిషన్ చట్టాలు వచ్చాయి. పశువైద్యం మాత్రం ఇంకా 1984 చట్టం కిందనే ఉంది.

ఈ వరుసను గమనించినవారికి పశువైద్యం వంతు ఏదో ఒకనాడు వస్తుందనిపించడం సహజం. ఆ రోజు వచ్చేసరికి వృత్తి చేతిలో సొంత సంస్కరణ ప్రణాళిక ఉంటే చర్చ దాని చుట్టూ జరుగుతుంది. లేకపోతే పూర్తిగా నియామకాలతో నిండిన సంస్థ పైనుంచి దిగుతుంది. ఎన్నికైన పదకొండు స్థానాలను కాపాడుకోవాలంటే వృత్తి బయటివారికి కొన్ని స్థానాలు ఇవ్వడానికి మనమే ముందుకు రావాలి. ఇది కేవలం ఔదార్యం కాదు, ఆత్మరక్షణ కూడా.

తెలుగు నేలపై ఈ ప్రశ్న ఎందుకు?

2019 పశుగణన ప్రకారం దేశంలో అత్యధికంగా గొర్రెలున్న రాష్ట్రం తెలంగాణ, దాదాపు 1 కోటి 90 లక్షలు. రెండో స్థానం ఆంధ్రప్రదేశ్‌ది, సుమారు 1 కోటి 76 లక్షలు. ఈ సంపదను మోస్తున్నవారు ప్రధానంగా గొల్ల, కురుమ కుటుంబాలవారు. వారి పశువులు వలసలో ఉంటాయి, వారి అవసరాలు ఋతువుతో మారుతాయి. ఆసుపత్రికి పశువును తోలుకొని రమ్మనే సేవా పద్ధతి మందతో నడిచేవారికి ఎంతవరకు పనికొస్తుందో చెప్పగలిగినవాడు కాపరి. 1962 నంబరుకు ఫోను చేస్తే ఇంటి ముంగిటకు వచ్చే సంచార వైద్యశాల వంటి ఏర్పాట్లు అతని అవసరాన్ని గుర్తించాయి. వృత్తి పాలన ఇంకా గుర్తించలేదు.

గ్రామస్థాయిలో రైతు మొదట కలిసేది చాలాసార్లు పశువైద్యుడిని కాదు. కృత్రిమ గర్భోత్పత్తి చేసే గోపాలమిత్రను, పశుసంవర్ధక సహాయకుణ్ణి. పశువైద్యుని పర్యవేక్షణలో వారు చేయదగిన చిన్న సేవలను చట్టం గుర్తిస్తుంది. కానీ ఆ పర్యవేక్షణ క్షేత్రంలో ఎలా జరగాలి, హద్దు ఎక్కడ గీయాలి అన్న చర్చలో వారికి పాత్ర లేదు. వారు హద్దు దాటుతున్నారన్న ఆరోపణ పశువైద్యుల సమావేశాలలో వినిపిస్తుంటుంది. హద్దు నిర్ణయించే చోట వారిని కూర్చోబెట్టకుండా హద్దు పాటించమనడం వల్ల ఫలితం తక్కువ.

వృత్తి బయటి కన్ను ఎందుకు అవసరమో చెప్పే ఉదాహరణ డైక్లోఫెనాక్. పశువుల నొప్పికి, వాపునకు విరివిగా వాడిన ఈ మందు రాబందులను దాదాపు తుడిచిపెట్టింది. మందు పడిన పశువు కళేబరాన్ని తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి చనిపోయాయి. భరత్‌పూర్ కేవల్‌దేవ్ ఉద్యానవనంలో వాటి సంఖ్య పడిపోవడాన్ని నమోదు చేసినవారు పక్షి పరిశోధకులు. డైక్లోఫెనాక్‌కు, ఆ మరణాలకు గల సంబంధం 2004లో రుజువైంది. 2006లో మన దేశం పశువైద్య వినియోగానికి దాని తయారీని నిషేధించింది. ఇది ఏ ఒక్క పశువైద్యుని తప్పూ కాదు. పశువుకు మేలు చేసిన మందు ఆ పశువు చనిపోయాక ఏమి చేస్తుందో చూసే కన్ను వృత్తి లోపల లేకపోవడమే అసలు సమస్య. ఆహార పశువులలో కొలిస్టిన్ వాడకాన్ని 2019లో నిషేధించవలసి వచ్చినప్పుడు కూడా ప్రశ్న మనిషి ఆరోగ్యానిదే. నిర్ణయ ఫలితం పాక దాటి వెళ్తున్నప్పుడు నిర్ణయ సభ వృత్తికే పరిమితం కావడం తగదు.

రెండు అభ్యంతరాలు

శాస్త్రం తెలియనివారు శాస్త్ర మండలిలో ఏమి చేస్తారన్నది మొదటి అభ్యంతరం. మందు మోతాదును ఎవరూ రైతును నిర్ణయించమనరు. ఫిర్యాదు పత్రం రైతుకు అర్థమయ్యే భాషలో ఉందా, పోస్టుమార్టం ధ్రువపత్రం సకాలంలో అందక బీమా సొమ్ము ఆగుతోందా, పట్టభద్రుడు క్షేత్రానికి వచ్చేసరికి ఏ నైపుణ్యం కొరవడుతోంది అన్న ప్రశ్నలకు సమాధానం చెప్పగలిగినవాడు సేవ అందుకొనేవాడే. వ్యవసాయ విస్తరణలో రైతు భాగస్వామ్యం లేని పరిశోధన నిలవదని దశాబ్దాలుగా బోధిస్తున్నాం. ఆ సూత్రం వృత్తి పాలన గుమ్మం దగ్గర ఎందుకు ఆగిపోవాలి?

రెండవ అభ్యంతరం బలమైనది. రైతు ప్రతినిధి పేరిట రాజకీయ నియామకాలు జరుగుతాయన్న భయం నిరాధారం కాదు. నామినేషన్ ఎక్కడ ఉంటే అక్కడ ఈ ప్రమాదం ఉంది. అందుకు విరుగుడు స్థానం ఇవ్వకపోవడం కాదు, స్థానం భర్తీ చేసే పద్ధతిని పారదర్శకం చేయడం. బహిరంగ ప్రకటన, కనీస పశుపోషణ అనుభవం, పాల ఉత్పత్తిదారుల సంఘాల, గొర్రెల పెంపకందార్ల సహకార సంఘాల ద్వారా పేర్ల సూచన, ఒకే పదవీకాలం అన్న షరతులు పెడితే దుర్వినియోగం చాలావరకు తగ్గుతుంది.

ఇప్పుడే చేయదగినవి

చట్ట సవరణ తేలిక కాదన్నది వాస్తవం. పశువైద్య మండలి చట్టం రాజ్యాంగం 252వ అధికరణ కింద, రాష్ట్రాల తీర్మానాల ఆధారంగా చేసింది. అటువంటి చట్టాన్ని సవరించడానికీ అదే మార్గం అనుసరించాలి. కనుక పార్లమెంటు కోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా సంఘాల స్థాయిలో, విశ్వవిద్యాలయాల స్థాయిలో ఆరంభించదగిన పనులను గుర్తించాలి.

మొదటిది, వృత్తి సంఘాల నియమావళిలో పదవీకాల పరిమితి. ఒకే వ్యక్తి ఒకే పదవిలో వరుసగా రెండు పర్యాయాలకు మించి కొనసాగరాదన్న చిన్న నిబంధన యువ పశువైద్యులకు తలుపు తెరుస్తుంది. కార్యవర్గంలో మహిళలకు, ప్రైవేటు ప్రాక్టీసులో ఉన్నవారికి స్థానాలు ప్రత్యేకించడం దీనికి అనుబంధం.

రెండవది, సంఘ పదవికీ మండలి పదవికీ మధ్య ఎడం. సంఘ కార్యవర్గంలో ఉన్నవారు మండలికి ఎన్నికైతే సంఘ పదవిని వదులుకోవాలన్న సంప్రదాయం ఏర్పడాలి. చట్టమే స్థానం కల్పించిన సంఘ ప్రతినిధుల సంగతి వేరు. మిగిలినవారికి ఈ నియమం పెట్టుకోవడానికి ఏ చట్టమూ అడ్డురాదు.

మూడవది, రైతుతో ఏటా ఒక బహిరంగ సమీక్ష. సంఘం సర్వసభ్య సమావేశానికి ముందురోజు పశుపోషకుల ప్రతినిధులతో, క్షేత్ర సిబ్బందితో సమావేశమై వారి సూచనలను కార్యక్రమ పట్టికలో చేర్చాలి. వాటిపై ఏమి చేశారో మరుసటి ఏడాది చెప్పాలి. అమెరికా సంఘం తన సభకే కొత్త పని అప్పగించిన తీరు ఇక్కడ పనికివస్తుంది.

నాలుగవది, ఫిర్యాదు మార్గాన్ని తెలుగులో ప్రకటించడం. ఎవరికి, ఎలా, ఎన్నాళ్లలోగా ఫిర్యాదు చేయవచ్చో, విచారణ ఎలా జరుగుతుందో ఒక పేజీలో రాసి ప్రతి పశువైద్యశాల గోడపై అతికించాలి. దీనివల్ల నిరాధారమైన ఆరోపణల నుంచి పశువైద్యునికీ రక్షణ దొరుకుతుంది. మార్గం తెలిసిన రైతు మండలికి వెళ్తాడు. మార్గం తెలియని రైతు ఆసుపత్రి ముందు గొడవకు దిగుతాడు.

విస్తరణ శాస్త్రవేత్తల వంతు

ఈ పనులలో విస్తరణ శాస్త్రవేత్తలకు ప్రత్యేక బాధ్యత ఉంది. వారిలో పశువైద్య పట్టభద్రులైనవారు ఓటర్లు. రైతు ఏమనుకొంటున్నాడో క్రమబద్ధంగా నమోదు చేసే విద్య తెలిసినవారు. కృషి విజ్ఞాన కేంద్రాల పరిధిలో పశువైద్య సేవలపై రైతుల అభిప్రాయాలను సేకరించి సంఘాలకు, రాష్ట్ర మండళ్లకు అందజేయడం వారి చేతిలోని పని. పశువైద్య విద్యార్థుల స్నాతకోత్తర పరిశోధనకు ఇది తగిన అంశం. సేవా సంతృప్తిపై అధ్యయనాలు చేస్తున్నాం గాని, సేవను నియంత్రించే సంస్థలపై రైతుకు ఎంత అవగాహన ఉంది, ఎంత నమ్మకం ఉంది అన్న ప్రశ్నను అరుదుగా అడుగుతున్నాం.

విద్యార్థులకు చెప్పవలసినది ఒకటుంది. పట్టా అందుకొన్నాక నమోదు చేయించుకొంటే రిజిస్టరులో పేరు చేరుతుంది, ఓటుహక్కు వస్తుంది. ఆ ఓటును ఊరి పరిచయంతోనో, కళాశాల అనుబంధంతోనో వేయడం ఆనవాయితీగా మారరాదు. అభ్యర్థులను రెండు ప్రశ్నలు అడగండి. ఫిర్యాదుల విచారణను మండలి సభ్యుల నుంచి వేరు చేయడానికి మీరు సిద్ధమా? మీ పక్కన ఒక పశుపోషకుణ్ణి కూర్చోబెట్టుకోవడానికి మీకు అభ్యంతరమా? వారిచ్చే సమాధానాన్ని బట్టి ఓటు వేసిననాడు ఆన్‌లైన్ ఎన్నికకు నిజమైన అర్థం చేకూరుతుంది.